మా నాన్న చేసేవారు

నగరం, మూడో అంతస్తు గది
వేసవి మొదట్లో

అక్కకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాశాడేమిటని నవ్వుకుంటావని తెలుసు. మనింట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న చొక్కా జేబులోనే ఉంటుంది. నువ్వు మాట్లాడుతుంటే ఆయన పక్కనే నిలబడి "ఏమంటున్నాడు, ఏమంటున్నాడు" అని ప్రాణం తీస్తారు. ఈ సంగతి ముందు నీ ఒక్కదానికే తెలియాలి.

మా కంపెనీ నాన్న మడత కత్తిని తీసుకుంటోంది. వేళాకోళం కాదు. పార్సిళ్లు విప్పడానికి నా బల్ల మీద పెట్టుకున్న కత్తిని మా ఓనరు మేడమ్ ఒకరోజు చేతిలోకి తీసుకుంది. తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. మూసినప్పుడల్లా టక్కుమని వచ్చే ఆ చప్పుడు ఆవిడకు తెగ నచ్చేసింది. దాన్ని మీటింగుకి తెమ్మంది. అలా మొదలైంది.

మేము అమ్మేవి వదులు చొక్కాలు, టోపీ కుట్టిన బనీన్లు, కుర్రాళ్లు పొద్దున్నే వచ్చి వరసలో నిలబడి కొనుక్కునే బూట్లు అని నీకు తెలుసు కదా. ఏడాదికోసారి ఏదో ఒక పాతకాలపు వస్తువును, దాన్ని చేసేవాళ్లతో కలిసి, మా రంగులో మా గుర్తుతో తెస్తాం. పోయినసారి గొడుగు. దీన్ని మావాళ్లు కొలాబ్ అంటారు. నాన్న కత్తిలో బ్లేడు అదే, స్ప్రింగు అదే, ఇత్తడి మేకులు అవే. పిడి మాత్రం నారింజ రంగులో ఉంటుంది, దాని మీద మా గుర్తు. గుర్తు ఎంత పెద్దదో ఇప్పుడే ఆయనకు చెప్పకు. ముందు ఒప్పుకోనీ.

ఒప్పించే పని నీది. మీటింగులో నాన్న గురించి నాలుగు ముక్కలు చెప్పాను. అందరూ కదిలిపోయారు. ఆ సంగతి తీరిగ్గా రాస్తాను.

నీ తమ్ముడు


పనిచోటు, కిటికీ పక్క బల్ల

చిన్నోడికి,

నువ్వు పంపిన నమూనా పిడి చేరింది. నాన్న దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి, "బకెట్టు రంగు" అన్నారు. అంతే. బల్ల మీద పడేసి వెళ్లిపోయారు. మధ్యాహ్నం చూస్తే పిడి బల్ల మీద లేదు. ఆయన జేబులో, ఫోను పక్కన ఉంది.

కొలాబ్ అంటే ఏంటని అడిగారు. పొత్తు అని చెప్పాను. "పొత్తయితే పొత్తనే అనమను, దానికి అంత నోరు తిప్పడమెందుకు?" అన్నారు. సాన బాబాయి చక్రం ఆపేసి మరీ నవ్వాడు. పిడి పిన్ని మాత్రం నీ నారింజ పిడికి ఆకురాయి ఆనించి చూసి, "ఇది చెక్కలాగా మాట వినదు, కానీ లొంగదీస్తాలే" అంది. ఈ ఇద్దరూ ఒప్పుకుంటే నాన్న ఒప్పుకున్నట్టే.

మొత్తానికి ఒప్పుకున్నారు. ఒక షరతు. బ్లేడు మెడ దగ్గర తన ముద్ర ఎప్పట్లాగే ఉండాలి, మీ గుర్తు ఎంత పెద్దదైనా సరే. అంటే గుర్తు పెద్దదని ఆయనకు ముందే తెలుసు. నీ గడుసుతనం ఆయన దగ్గర సాగదు.

ఇంకో సంగతి చెప్తే నమ్మవు. నువ్వు ఆ కంపెనీలో చేరినప్పుడు "చొక్కాలమ్ముకోడానికి చదివించానా" అన్న మనిషి, నిన్న ఇనుము తెచ్చే లారీ డ్రైవరుతో "మావాడు డిజైనరు" అంటున్నారు. డిజైనరు అనే మాటని గొంతు సవరించుకుని మరీ అన్నారు. నేను లోపలికెళ్లి నవ్వుకున్నాను. అమ్మ ఉంటే బాగుండేదనిపించింది.

కత్తిని జనానికి చూపించే రోజున తనూ వస్తారట. చొక్కా కుట్టించుకుంటున్నారు. ఎప్పుడో రాయి.

అక్క


నగరం, మూడో అంతస్తు గది

అక్కకి,

చాలా సంతోషం. నాన్న ముద్ర ఉంటుంది, మేడమ్ కూడా అదే కావాలంది.

నాన్న రావడం గురించి. ఇక్కడ ఆ రోజు విపరీతమైన జనం, చెవులు చిల్లులు పడే పాటలు. కూర్చోడానికి కుర్చీ కూడా ఉండదు. ఆయన నడుము నొప్పితో ఇంత దూరం ఎందుకు? నేనే తర్వాత వచ్చి అన్నీ చూపిస్తాను. కాస్త నువ్వే చెప్పు, నా పేరు పెట్టకుండా.

ఆయన ఫోటో ఒకటి కావాలి. కొత్తది వద్దు. పాతది, నలుపు తెలుపుది, పని చేస్తూ ఉన్నదైతే మంచిది.

పని ఒత్తిడిలో ఉన్నాను. పొట్టిగా రాశానని ఏమీ అనుకోకు.

నీ తమ్ముడు


పనిచోటు, కిటికీ పక్క బల్ల
వానలు మొదలయ్యాక

చిన్నోడికి,

ఫోటో పంపాను. చక్రం ముందు కూర్చుని, పళ్ల మధ్య మేకులు పెట్టుకుని ఉన్నది. అమ్మ తీసిన ఫోటో. జాగ్రత్త.

నీ పేరు పెట్టకుండా చెప్పాను. నాకే దూరం భయమని, జనంలో ఆయన్ని చూసుకోలేనని. సరేనన్నారు. తర్వాత టైలరు దగ్గరికి వెళ్లి చొక్కా తొందరేం లేదని చెప్పి వచ్చారట. టైలరు చెప్తే తెలిసింది.

నడుము నొప్పి తగ్గి ఏడాది దాటింది, చిన్నోడా. నీకు తెలియకపోతే ఒక బాధ, తెలిసి రాస్తే ఇంకో బాధ. ఏదో దాస్తున్నావు. అమ్మాయెవరైనా ఉంటే చెప్పెయ్, తిట్టను.

అక్క


పనిచోటు, వెనక గది

తమ్ముడికి,

నాన్న ఎప్పుడు పోయారు రా?

ఇవాళ ఆయన చక్రం దగ్గర ఉంటే ఫోను నేను తీశాను. మన దగ్గర కత్తులు కొనే ఇనప సామాను కొట్టాయన. గొంతు బొంగురుపోయి ఉంది. "ఎంత పని జరిగిందమ్మా, ఒక్క మాటైనా చెప్పలేదు, ఆఖరి చూపుకైనా వచ్చేవాణ్ణి" అన్నాడు. ఎవరి గురించి అంటే, నాన్న గురించి. నాన్న నా కళ్లెదురుగా నిప్పురవ్వల మధ్య కూర్చుని, చక్రానికి నీళ్లు సరిగ్గా పోయట్లేదని సాన బాబాయిని తిడుతున్నారు.

పొరపాటు పడ్డారని చెప్పాను. కొట్టాయన నమ్మలేదు, వీడియో చూశానన్నాడు. పిడి పిన్ని తన ఫోనులో వెతికి తీసింది. మీ కంపెనీది. నేను పంపిన ఫోటో. అమ్మ తీసిన ఫోటో. దాని కింద అక్షరాలు: "ఆయన లేరు. ఆయన కత్తి ఉంది."

పిన్ని, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. నాన్న ఇంకా చూడలేదు. ఆయన అలాంటివి చూడరు, నీ అదృష్టం. నాకు జవాబు కావాలి. పనుందని, ఒత్తిడని రాయకు.

అక్క


నగరం, మూడో అంతస్తు గది

అక్కా,

ఏం రాసినా సిగ్గుమాలినట్టే ఉంటుంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ రోజు మీటింగులో కత్తి బల్ల మీద చేతులు మారుతోంది. ఎవరు చేశారని మేడమ్ అడిగింది. "మా నాన్న చేసేవారు" అన్నాను. చేస్తారు అనలేదు. ఎందుకన్నానో తెలియదు. చిన్నప్పుడు నా కోసం చేసిన కత్తి కదా, ఆ కాలమే మనసులో ఉండి అలా వచ్చిందేమో. మేడమ్ గొంతు తగ్గించి, "ఇప్పుడు లేరా?" అంది.

అందరూ నా వైపు చూశారు. అక్కా, అమ్మ పోయాక నేను వారం తిరక్కుండా పనిలోకి వచ్చాను. ఆ ఆఫీసులో ఒక్కరు కూడా ఏమైందని అడగలేదు. నేను ఎవరికీ తెలియదు. ఆ రోజు మాత్రం గది మొత్తం నిశ్శబ్దంగా నా కోసం ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు తియ్యగా అనిపించింది. తల ఊపాను.

అంతే చేశాను. ఒక్కసారి తల ఊపాను. వాళ్లంతా లేచి నిలబడ్డారు. మేడమ్ వాళ్ల నాన్న కొన్నాళ్ల కిందటే పోయారట, ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఇప్పుడు పనిచోటు నువ్వు నడుపుతున్నావని వాళ్లంతట వాళ్లే అనుకున్నారు. ఆ ఏడుపు ఆగాక చెబుదామనుకున్నాను. తర్వాత రోజు చెబుదామనుకున్నాను. ఈలోగా మాటలు రాసే అమ్మాయి ఆ వాక్యం రాసేసింది, వీడియోకి అంతా సిద్ధమైంది, నేను ఫోటో అడుగుతూ నీకు ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పుడు అడగబోయేది విని నన్ను అసహ్యించుకుంటావు. మేడమ్ మన పనిచోటుకు వస్తానంటోంది. నాన్న కూర్చున్న చోటు చూడాలట, కెమెరా అబ్బాయితో. వద్దనడానికి కారణం దొరకలేదు. వచ్చే గురువారం. ఆ ఒక్కరోజు నాన్నని అత్త వాళ్లింటికి పంపించగలవా? సాయంత్రానికల్లా అయిపోతుంది. నేను కూడా రాను, నీ ముఖం చూడలేను. అమ్మకాలు ముగిశాక నేనే మేడమ్‌కి చెప్పేస్తాను. నా మీద ఒట్టు.

నీ తమ్ముడు


పనిచోటు, వెనక గది

తమ్ముడికి,

నువ్వు అడిగినట్టే చేశాను. ఆ సంగతి ముందు రాసుకోవాలి, ఎందుకంటే తర్వాత రాసేదంతా నీ ఒక్కడి మీదకి నెట్టేయాలని ఉంటుంది నాకు.

అత్తకు మోకాళ్లు పట్టేశాయని, చూసి రమ్మని నాన్నని బస్సెక్కించాను. సాన బాబాయికి, పిడి పిన్నికి విషయం చెప్పి, నోరు మెదపొద్దని బతిమాలాను. బాబాయి చక్రం ఆపేసి, "చావుతో ఆటలేంటమ్మా?" అన్నాడు. పిన్ని ఆకురాయి తీసుకుని అటు తిరిగి కూర్చుంది.

మీ మేడమ్ మంచిదిరా. అదే నన్ను ఎక్కువ కాల్చింది. డాబుగా వస్తుంది, నేనూ పొమ్మన్నట్టు మాట్లాడొచ్చులే అనుకున్నాను. ఆవిడ చెప్పులు బయట వదిలి, మెల్లగా వచ్చి, నాన్న స్టూలు మీద కూర్చోవచ్చా అని అడిగింది. బల్ల మీద ఆయన కళ్లజోడు, పొద్దున తాగి వదిలేసిన టీ గ్లాసు. గ్లాసు అడుగున టీ ఇంకా తడిగానే ఉంది. "అన్నీ అలాగే ఉంచేశారా?" అంది. అవునన్నాను. నా నోటితో నేనే అన్నాను.

కెమెరా అబ్బాయి ఫోటోను బల్ల మీద నిలబెట్టాడు. ఆవిడ తెల్లపువ్వులు తెచ్చింది. వాటిని ఎలా పెట్టాలో అబ్బాయికి చేతకాలేదు. నేనే సర్దాను. ఎందుకు సర్దానో అడగకు. చేతులు ఖాళీగా ఉంటే నిజం చెప్పేస్తానేమోనని భయం వేసింది.

అప్పుడే నాన్న వచ్చారు.

అత్త తన మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయని చెప్పి, తిట్టి, తిరుగు బస్సెక్కించిందట. గుమ్మంలో ఆగిపోయారు. లోపల వెలుగుతున్న కెమెరా దీపం, తన ఫోటో, పువ్వులు, నేను. ఆయన చూపు ఒక్కొక్కదాని మీద ఆగుతూ నా దాకా వచ్చింది. బాబాయి తల దించుకున్నాడు. మేడమ్ లేచి నిలబడి మర్యాదగా, "మీరు?" అంది.

నాన్న గొంతు సవరించుకున్నారు. "నేను ఆయన తమ్ముణ్ణండి" అన్నారు.

ఆవిడ సంబరపడిపోయింది. పోలికలు అచ్చు అలాగే ఉన్నాయంది. అన్నగారి గురించి రెండు మాటలు చెప్పమని అడిగింది. ఆ అబ్బాయి కెమెరా ఆయన వైపు తిప్పాడు. నాన్న తన స్టూలు మీద కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి చెప్పారు. ఆయన అన్నవి అన్నట్టే రాస్తున్నాను.

"మా అన్న చేతిపని బాగుండేది. మనిషే మొండి. కొడుకు బొమ్మలు గీస్తుంటే పక్కనుంచి చూసి ముచ్చటపడేవాడు, బాగుందని మాత్రం ఒక్కసారీ అన్లేదు. అంటే చెడిపోతాడనుకున్నాడు. ఆ మాట అనకుండానే పోయాడు."

మేడమ్ కళ్లు తుడుచుకుంది. నేను వెనక గదిలోకి వెళ్లి గుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

వాళ్లు వెళ్లాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే కాళ్ల మీద పడేదాన్ని. పువ్వులు తీసి పక్కన పెట్టి, కళ్లజోడు పెట్టుకుని పనికి కూర్చున్నారు. ముద్ర కొట్టే వేళకి సుత్తి నా చేతికిచ్చి, "పోయినవాడు ముద్ర కొట్టడమ్మా. నువ్వు కొట్టు" అన్నారు. అప్పట్నుంచి ముద్ర నేనే కొడుతున్నాను. పిడి పిన్ని నాతో మాట్లాడటం లేదు.

అమ్మకాలు ముగిశాక చెప్తానన్నావు. ఎవరి కోసం ఆగుతున్నావు?

అక్క


నగరం, మూడో అంతస్తు గది

అక్కా,

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని నేరుగా మేడమ్ గదిలోకి వెళ్లాను. కూర్చోమంది, కూర్చోలేదు. చెప్పేశాను.

ఆవిడ అరవలేదు. తమ్ముడని చెప్పినాయన ఎవరని మాత్రం అడిగింది. చెప్పాను. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కాసేపటికి, "నేను ఏడ్చింది మీ నాన్నగారి కోసం కాదు, మా నాన్న కోసం. దాన్ని నువ్వు వాడుకున్నావు" అంది. నిజమే. నేను అలా ఆలోచించనే లేదు. నాన్నకూ నీకూ మాత్రమే తప్పు చేశాననుకున్నాను.

వీడియోని ఎక్కడా కనపడకుండా తీసేయించింది. నాన్న మాట్లాడిన ముక్క కూడా ఎవరికీ చూపించకుండా చెరిపించింది. కత్తి ఆగదట. "కత్తి అమ్ముతాం, కథ అమ్మం" అంది. నన్ను పనిలోంచి తీసేస్తుందా లేదా ఇంకా చెప్పలేదు. కానీ ఏ బల్ల దగ్గర అబద్ధం చెప్పానో ఆ బల్ల దగ్గరే నిజం చెప్పాలంది.

చెప్పాను అక్కా. అదే గది, అవే ముఖాలు. ఆ రోజు లేచి నిలబడ్డవాళ్లెవరూ ఈ రోజు కదల్లేదు. "మా నాన్న బతికే ఉన్నారు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. ఒకతను పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఒకామె కిటికీ వైపు తిరిగింది. నేలలోకి దిగిపోతే బాగుండనిపించింది.

అప్పుడు మాటలు రాసే అమ్మాయి, ఆ వాక్యం రాసిన అమ్మాయే, నా వైపు అయోమయంగా చూసి, "బతికే ఉన్నారా? మంచిదే కదండీ" అంది.

వెటకారం కాదు. నిజంగానే అంది. ఆ అమ్మాయి ముఖంలో సంతోషం కనిపించింది. ఇన్ని నెలలుగా ఆయన బతికి ఉండటం నాకు ఒక ఇబ్బంది, దాచాల్సిన విషయం, ఎప్పుడు బయటపడుతుందోనన్న భయం. ఆయన్ని ఎదురుగా ఎన్నడూ చూడని ఆ పిల్లకి తట్టింది నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు. అందరి ముందూ బల్ల పట్టుకుని ఏడ్చాను. ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోకపోవడమే బాగుంది.

రావాలని ఉంది. రావచ్చో లేదో నువ్వు చెప్పు. నాన్నని అడగడానికి నాకు ముఖం లేదు.

నీ తమ్ముడు


పనిచోటు, కిటికీ పక్క బల్ల

చిన్నోడికి,

నీ ఉత్తరాన్ని నాన్నకి చదివి వినిపించాను. నువ్వు రాసిన మొదటి ఉత్తరం నుంచి అన్నీ, నేను నీకు రాసినవి కూడా గుర్తున్నంతవరకు చెప్పాను. ఇక ఆయన దగ్గర దాచే ఓపిక నాకు లేదు. "వాడు ఇబ్బంది అని రాశాడా?" అని ఒకచోట ఆపించారు. రాశాడన్నాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. తీపిగా మార్చి రాయను, గుచ్చుకుంది.

తర్వాత ఆ అమ్మాయి అన్న మాట మళ్లీ చదవమన్నారు. చదివాను. ఇంకోసారి చదవమన్నారు. ఆ గురువారం తర్వాత మొదటిసారి ఆయన పెదాలు కదిలాయి. "ఆ పిల్ల ఎవరో, నా చావు రాసినా మనసు మంచిది" అన్నారు.

మేడమ్ కూడా వచ్చి వెళ్లింది, కెమెరా లేకుండా. ఆయన ముందు నిలబడి, ఆ రోజు మీరు చెప్పినవి నిజమేనా అని అడిగింది. "చనిపోవడం ఒక్కటే అబద్ధమండి" అన్నారు. ఇద్దరూ చాలాసేపు కూర్చుని వాళ్ల నాన్న గురించి మాట్లాడుకున్నారు. నన్ను టీ పెట్టమన్నారు, లోపలికి రమ్మనలేదు.

నిన్ను రమ్మన్నారు. ఆదివారం ఎవరూ లేనప్పుడు వస్తాడేమోనని నేనంటే ఒప్పుకోలేదు. "పని జరిగే రోజున రమ్మను. చక్రం ఆపించి, బాబాయి, పిన్ని ముందు చెప్పమను. వాళ్లు నా కోసం తల దించుకున్నారు, నీ కోసం నోరు మూసుకున్నారు. వాళ్లకి సమాధానం చెప్పకుండా నాతో ఏం మాట్లాడతాడు?" అన్నారు. క్షమించానని అనలేదు. అడగొద్దు కూడా.

పిన్ని నాతో ఇంకా మాట్లాడటం లేదు. నేను క్షమించమని అడిగింది లేదు, ఆవిడ తన కోపం చెప్పింది లేదు. నీ వెనక దాక్కుని ఇన్నాళ్లు గడిపేశాను. ఆ అబద్ధం మొదలుపెట్టింది నువ్వే, కానీ ఆ ఇద్దరి నోళ్లు కట్టేసింది నేను.

సోమవారం రా. వాళ్ల ముందు నువ్వొక్కడివే నిలబడక్కర్లేదు. పువ్వులు సర్దింది నేను.

అక్క